పాఠశాల ఆటస్థలము – పంచాయతీ కర్తవ్యము

గోదావరి డెల్టాలోని జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలలో చెడుగుడు, ఖోఖో, వాలీబాల్ ఆటలకు చిరకాలముగా ఆదరణ గలదు. 2023లో ఆసియా క్రీడలయందు చిరాగ్ శెట్టితో కలసి బ్యాడ్మింటన్ డబుల్సు స్వర్ణపతకము గెలిచిన సాత్విక్‌సాయిరాజ్ అమలాపురము వారు. వారి తండ్రి వ్యాయామోపాధ్యాయులుగా పనిచేసిరి.

అయితే మనది పల్లపునేల. మురుగుబోదెలు పూడినచో వానకాలమున ఆటస్థలము చెరువగును, ఆటలు ఆగిపోవును. పురుషుల చెడుగుడు బరికి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు చాలును. కావున ముందుగా ఆపాటి చోటునైనను మెరక చేయించి, చుట్టును బోదె త్రవ్వించవలెను.

ఎనిమిదవ తరగతి వరకు చదువు చెప్పు బడికి ఆటస్థలము ఉండవలెనని 2009 విద్యాహక్కు చట్టము విధించినది. ఆ స్థలము ఆక్రమణకు లోనుగాకుండ హద్దురాళ్లు నాటించి కాపాడుట పంచాయతీ సభ్యులమైన మన విధి. నేడు మనము కాపాడిన నేలపైననే రేపటి క్రీడాకారులు నిలువగలరు.