ఇల్లు వద్దనుకుంటే... బయానా వస్తుందా?

'ఇల్లు కట్టిచూడు' అన్నారు పెద్దలు. అమెరికాలో ఉంటున్న మనవాళ్లకు కట్టే అవస్థ అంతగా లేకపోయినా కొనే అవస్థ తప్పదు. ధర కుదిరి సంతకాలూ అయ్యాక 'ఈ ఇల్లు మనకొద్దు' అనిపిస్తే? అక్కడి నిబంధనలు రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో అయితే జవాబు... ఎప్పుడు వద్దన్నారన్నదాన్ని బట్టి ఉంటుంది!

ఫ్రీమాంట్‌లో ఓ తెలుగు జంట 12 లక్షల డాలర్లకు ఇల్లు మాట్లాడుకుందనుకోండి. అక్కడ బయానా సాధారణంగా ధరలో 3 శాతం దాకా ఉంటుంది. అంటే, 36 వేల డాలర్లు. మనూళ్లో బయానా నేరుగా అమ్మేవాళ్ల చేతికెళ్తుంది. అక్కడ 'ఎస్క్రో' సంస్థ దగ్గర ఉంటుంది. అది ఎవరి పక్షమూ కాదు. ఒప్పందంలోని పనులన్నీ పూర్తయి ఇల్లు చేతులు మారేదాకా డబ్బుకు కాపలా కాస్తుంది.

పదిహేడు రోజులు!

ఆ రాష్ట్రంలో ఎక్కువగా వాడే ఒప్పంద పత్రంలో కొనేవారికి రక్షణగా 'కంటింజెన్సీ'లనే షరతులు ఉంటాయి. ముఖ్యమైనవి మూడు: ఇంటి తనిఖీ, ధర మదింపు, లోను మంజూరు. వేరేగా మాట్లాడుకోకపోతే వీటికి గడువు 17 రోజులు. తనిఖీలో పునాది బీటలు బయటపడినా, 12 లక్షల ఇంటిని మదింపులో 11 లక్షలకే లెక్కగట్టినా, లోను రాకపోయినా... ఆ షరతు అమల్లో ఉండగానే రాతపూర్వకంగా రద్దు చేసుకుంటే బయానా తిరిగిరావాలి. తనిఖీకి పెట్టిన ఖర్చు మాత్రం కొనేవారిదే.

ఆ సంతకంతోనే చిక్కు

గడువు దాటినంత మాత్రాన ఈ హక్కు దానంతటదే పోదు. షరతును వదులుకుంటున్నట్లు కొనేవారు సంతకం చేసివ్వాలి. చేయకపోతే అమ్మేవారు నోటీసిచ్చి, ఆ గడువూ దాటాక తామే ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. మూడింటినీ వదులుకుంటూ సంతకం పెట్టేశాక కొనేవారు వెనక్కి తగ్గితే మాత్రం బయానా అమ్మేవారికి పోవచ్చు. సొంతంగా ఉండటానికి కొనే ఇంటి విషయంలో ఆ నష్టాన్ని చట్టం సాధారణంగా ధరలో 3 శాతానికి పరిమితం చేసింది.

ఒక్క ఇంటికి నలుగురైదుగురు పోటీపడే చోట 'షరతులేమీ లేకుండా కొంటాం' అని ముందే రాసిచ్చేవాళ్లూ ఉంటారు. ఇల్లు దక్కొచ్చు. ఆ తరవాత లోను రాకపోతే... 36 వేల డాలర్లూ గాల్లో దీపమే!

చట్టం ఇచ్చే గడువు

ఇంట్లో తమకు తెలిసిన లోపాలను అమ్మేవారు రాసివ్వాలి. ఒప్పందం కుదిరాక ఆ పత్రాన్ని చేతికిస్తే 3 రోజుల్లో, పోస్టులో పంపితే 5 రోజుల్లో కొనేవారు తప్పుకోవచ్చు. 1978కి ముందు కట్టిన ఇల్లయితే గోడల రంగుల్లో సీసం ఉందేమో పరీక్షించుకోవడానికి ఫెడరల్ చట్టం 10 రోజులిస్తుంది. 'ఏం కొన్నా మూడు రోజుల్లో వద్దనొచ్చు' అనుకుంటే మాత్రం పొరపాటే. ఇంటి గుమ్మంలోకి తెచ్చి అమ్మే సరుకుల్లాంటి వాటికోసం పెట్టిన ఆ ఫెడరల్ నిబంధన ఇళ్ల కొనుగోలుకు వర్తించదు.

ఒప్పందం రద్దయినా డబ్బు వెంటనే చేతికి రాదు. మామూలుగా ఇద్దరి సంతకాలూ ఉంటేనే ఎస్క్రో సంస్థ దాన్ని వదులుతుంది. సరైన వివాదమేదీ లేకుండా అమ్మేవారు మొండికేసి, రాతపూర్వకంగా అడిగిన 30 రోజుల్లోపు సంతకం చేయకపోతే కోర్టుకు వెళ్లొచ్చు. అసలుతోపాటు 100 నుంచి 1000 డాలర్ల దాకా అదనపు పరిహారం, లాయరు ఖర్చులూ రాబట్టుకునే వీలుంది.

ఇక్కడినుంచి అమ్మానాన్నలు ఫోన్ చేసి 'గృహప్రవేశం ఎప్పుడు?' అని అడుగుతూనే ఉంటారు. ముహూర్తం పెట్టించేముందు క్యాలెండర్లో ఆ పదిహేడో రోజు చుట్టూ ఓ సున్నా చుట్టుకుంటే మంచిది. ఆలోపు అడగాల్సినవన్నీ అడిగి, చూడాల్సినవన్నీ చూశాకే... సంతకం!