కాలేజీ మారితే ఎన్ని క్రెడిట్లు వెంట వస్తాయి? టీసీ తీసుకోకముందే లెక్క వేసుకోండి

హోసూరు నుంచి బెంగళూరు 40 కిలోమీటర్లే. డిగ్రీ మధ్యలో ఆ దూరం దాటితే రాష్ట్రం మారుతుంది, యూనివర్సిటీ మారుతుంది, భాషా పేపర్ల లెక్క కూడా మారుతుంది. బరంపురంలో, బళ్లారిలో, షోలాపూర్‌లో ఉన్న మనవాళ్లకూ ఇదే చిక్కు. బదిలీ కావచ్చు, పెళ్లి కావచ్చు, హాస్టల్ ఖర్చు కావచ్చు, పిల్లలు కాలేజీ మారాల్సి వచ్చినప్పుడు ఇళ్లలో వినిపించే మాట ఒకటే: "క్రెడిట్లన్నీ అపార్ ఐడీలో ఉన్నాయి కదా, వచ్చేస్తాయి."

ఖాతాలో ఉండటం వేరు, కొత్త చోట ఒప్పుకోవడం వేరు. 2021లో యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ పాసైన పేపర్ల క్రెడిట్లను దాచి ఉంచుతుంది. అవి ఏడేళ్ల వరకు చెల్లుతాయి. ఏ పేపరు దేనికి సమానమో తేల్చేది మాత్రం చేరబోయే యూనివర్సిటీయే. పైగా డిగ్రీ ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలన్న నియమం ఉంది. డిగ్రీకి 120 క్రెడిట్లయితే, రెండేళ్లు చదివి 80తో వెళ్లినా 60కి మించి లెక్కకు రావు. మారక తప్పదనుకుంటే మొదటి ఏడాది చివరే మేలని మా అభిప్రాయం.

ఇక లెక్క. తమిళనాడులో బీకాం మొదటి ఏడాది ముగించిన అమ్మాయికి 46 క్రెడిట్లు వచ్చాయనుకుందాం: తెలుగు 6, ఇంగ్లిషు 6, నాలుగు ప్రధాన పేపర్లకు 20, ఎలెక్టివ్‌లు 6, పార్ట్ 4 చిన్న పేపర్లు 8. రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టి యూనిట్లు సరిచూడాలి. పేపరు పేరు ఒకటే అయినా లోపలి పాఠాలు వేరుగా ఉండొచ్చు. ప్రధాన పేపర్లలో మూడు కలిశాయనుకోండి. ఇక్కడ ఒక్కోటి 5 క్రెడిట్లు, అక్కడ 4 అయితే 12గానే వేసుకోండి. ఇంగ్లిషుతో కలిపి గట్టిగా నమ్ముకోదగ్గవి 18. తెలుగు, నాలుగో పేపరు, ఎలెక్టివ్‌లు కలిసి 17 అడిగి తేల్చుకోవాల్సినవి. చిన్న పేపర్ల 8 మీద ఆశ పెట్టుకోవద్దు. అక్కడి మొదటి ఏడాదిలో ఉండి ఈ అమ్మాయి చదవని పేపర్లు ఎన్నో కూడా రాసుకోండి. అవి వెనక్కి వెళ్లి రాయాల్సి రావచ్చు.

మన ఇళ్లకు అసలు ముడి తెలుగు పేపరే. కొత్త కాలేజీలో తెలుగు చెప్పేవారు లేకపోతే, చదివిన రెండు సెమిస్టర్లు భాష కింద లెక్కవుతాయా, మిగతా సెమిస్టర్లకు ఏ భాష తీసుకోవాలి? ఈ రెండూ విడివిడిగా అడగాలి. తమిళనాడుకు వచ్చేవారికి మరోటి ఉంది: బడిలో తమిళం చదవనివారు అక్కడ చాలా యూనివర్సిటీల్లో పార్ట్ 4 కింద ప్రాథమిక తమిళం రాయాలి. యానాం నుంచి కాకినాడ వెళ్లేవారికి భాష బెంగ లేదు కానీ పుదుచ్చేరి యూనివర్సిటీ నుంచి ఆంధ్ర పద్ధతిలోకి మారడమే. 2023-24లో ఏపీలో సింగిల్ మేజర్ వచ్చింది కాబట్టి మేజర్ కలుస్తుందో లేదో ముందు చూడాలి.

మార్కుల మెమోలు, కాలేజీ ముద్ర వేయించిన సిలబస్ ప్రతులు పట్టుకుని కొత్త కాలేజీకి వెళ్లండి. కౌంటర్‌లో "చూద్దాం లెండి" అంటే అది జవాబు కాదు. ఏ పేపర్లు ఒప్పుకుంటారో, ఏ సెమిస్టర్‌లో చేర్చుకుంటారో ప్రిన్సిపాల్ ద్వారా యూనివర్సిటీకి రాయించి, జవాబు కాగితం మీద తీసుకోండి. టీసీకి, మైగ్రేషన్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు ఆ కాగితం చేతికొచ్చాకే. టీసీ తీసుకుంటే పాత సీటు పోయినట్టే.