పచ్చరంగు మార్కులు.. పాత రూల్సు!

సోమవారం పొద్దున ఆఫీసుకు రాగానే మేం ముందు తెరిచేది డ్యాష్‌బోర్డు. మేం ముగ్గురం దుబాయ్‌లో కార్మికులను సైట్లకు పంపే ఒక కంపెనీలో గుమాస్తాలం. ఇద్దరిది జగిత్యాల వైపు, ఒకరిది కడప. చదివింది ఇంటర్మీడియెట్. టైపింగు, వీసా కాగితాలతో పాటు కంపెనీ వెబ్‌సైటు పేజీలు చూసే పనీ మా నెత్తిన పడింది.

డ్యాష్‌బోర్డు అంటే కంగారు పడక్కర్లేదు. బడిలో ఇచ్చే ప్రోగ్రెస్ కార్డు లాంటిదే. ఒక్కో పేజీకి ఒక్కో వరుస, పక్కన మార్కులు. గూగుల్ వారి లైట్‌హౌస్ అనే ఉచిత సాధనం ఇచ్చే మార్కులు ఇందులో కనబడతాయి. 90 నుంచి 100 దాకా పచ్చ, 50 నుంచి 89 నారింజ, అంతకు తగ్గితే ఎరుపు. పేజీ ఎంత త్వరగా తెరుచుకుంటుంది, చూపులేని వారి కోసం బొమ్మలకు వివరణ రాశారా వంటివి అది చూస్తుంది. చదవడానికి ఎంత సులువో చెప్పే మార్కు ఇంకొకటి. దాని మూలం 1948లో రుడాల్ఫ్ ఫ్లెష్ ఇంగ్లీషు కోసం కట్టిన లెక్క. వాక్యాల పొడవు, మాటల పొడవు చూస్తుందే తప్ప అర్థం చూడదు. తెలుగుకైతే ఆ లెక్కే నప్పదు.

ఎరుపును పచ్చ చేయడమే మా పని అనుకునేవాళ్లం. పచ్చగా ఉన్న పేజీ జోలికి పోయేవాళ్లం కాదు.

ఏడాది ఆగుదామనుకున్నాడు

2024లో నిజామాబాద్ తమ్ముడొకరు మా బల్ల దగ్గరికి వచ్చాడు. నాలుగేళ్ల సర్వీసు. బేసిక్ 1,200 దిర్హాములు.

"అన్నా, అమ్మకు పానం బాగలేదు. పోదామంటే ఇప్పుడు రిజైన్ చేస్తే గ్రాట్యుటీల మూడొంతులకు రెండొంతులే వస్తదట గదా. అయిదేండ్లు నిండేదాంక ఏడాది ఆగుదామనుకుంటున్న" అన్నాడు.

ఎవరు చెప్పారంటే ఫోను చూపించాడు. అది మా పేజీయే! డ్యాష్‌బోర్డులో దానికి 96 మార్కులు. నిండు పచ్చ.

అందులో ఉన్నది పాత చట్టం. 2022 ఫిబ్రవరి 2 నుంచి యూఏఈ ప్రైవేటు ఉద్యోగులకు కొత్త కార్మిక చట్టం అమల్లోకి వచ్చింది. రిజైన్ చేస్తే గ్రాట్యుటీ కోసే రూలు అందులో లేదు. ఏడాది నిండితే, మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం చొప్పున ఇవ్వాలి. ఆ తర్వాతి ఏళ్లకు 30 రోజులు.

లెక్క వేసి చూపించాం. రోజుకు 40 దిర్హాములు, ఏడాదికి 840, నాలుగేళ్లకు 3,360. మా పేజీ ప్రకారమైతే 2,240. తేడా 1,120 దిర్హాములు. ఆ డబ్బు కోసం, అదీ లేని రూలు నమ్మి, ఆ పిల్లవాడు తల్లికి ఏడాది దూరంగా ఉండబోయాడు. నోటీసు ఇచ్చి ఇంటికి వెళ్లాడు. మాకు మాత్రం ఆ రాత్రి అన్నం సహించలేదు.

రెండు గడులు కలిపాం

మర్నాడే పేజీ సరిచేశాం. మార్కు మారలేదు, అదే 96! తప్పుకూ ఒప్పుకూ ఒకే మార్కు వేసే యంత్రమని అప్పుడు బాగా అర్థమైంది.

తర్వాత మేనేజరు గారిని అడిగి డ్యాష్‌బోర్డులో రెండు గడులు కలిపించాం. ఒకటి, రూలు చివరిసారి సరిచూసిన తేదీ. రెండు, చూసిన మనిషి పేరు. ఆరు నెలలు దాటితే ఆ వరుస పైకి వస్తుంది. జీతం, సెలవు, వీసా పేజీలు ముందు చూస్తాం. బొమ్మల పేజీ నారింజ రంగులో ఉన్నా ఆగుతుంది.

పాఠకులకు మా మనవి ఒక్కటే. ఫోనులో పేజీ చకచకా తెరుచుకుంది, అందంగా ఉంది అని నమ్మేయకండి. ఏ తేదీ నాటిదో చూడండి. తేదీ లేకపోతే యూఏఈ కార్మిక శాఖను అడిగి తెలుసుకోండి. ఆ తర్వాతే రాజీనామా కాగితం మీద సంతకం చేయండి.