స్టేట్‌మెంట్‌లో తెలియని పేరు

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కనిపించే తెలియని సాఫ్ట్‌వేర్ ఛార్జీల్లో చాలావాటి వెనక దొంగ ఎవరూ ఉండరు. ఖాతాదారే ఎప్పుడో ఇచ్చి మరిచిపోయిన అనుమతి ఉంటుంది. చిక్కల్లా వాడిన సాఫ్ట్‌వేర్ పేరు ఒకటి, స్టేట్‌మెంట్‌లో పడే పేరు మరొకటి కావడంతోనే. ఉస్మానియా క్యాంపస్‌లోని రీసెర్చ్ స్కాలరైనా, తార్నాకలో పింఛను మీద బతికే విశ్రాంత ఉద్యోగైనా ఆ పేరు చూడగానే ఖాతా హ్యాక్ అయిందనుకుని ముందు కార్డు బ్లాక్ చేయిస్తారు. అనుమతి యూపీఐ మీద ఇచ్చి ఉంటే, కొత్త కార్డు వచ్చాక కూడా డబ్బు నెలనెలా కట్ అవుతూనే ఉంటుంది.

పేరు ఎందుకు మారుతుందో ముందు చూడాలి. కార్డు లావాదేవీ సమాచారంలో వ్యాపారి వివరాలకు ఉన్న చోటు 40 అక్షరాలే. అందులో పేరుకు 25, ఊరికి 13, దేశానికి 2. ఆ 25 అక్షరాల్లోనే డబ్బు వసూలు చేసే మధ్యవర్తీ, అసలు సరుకూ ఇరుక్కోవాలి. మధ్యలో నక్షత్రం గుర్తు ఉంటే, దానికి ముందున్నది సాధారణంగా వసూలు చేసినవారి పేరు, తర్వాతది సరుకు పేరు లేదా అందులో ఒక ముక్క. చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలు ప్రతి దేశంలో పన్నులు, బిల్లుల గొడవ పెట్టుకోలేక అమ్మకాన్ని మరొకరికి అప్పగిస్తాయి. లండన్‌లోని ప్యాడిల్, కాలిఫోర్నియాలోని ఫాస్ట్‌స్ప్రింగ్, వెరిఫోన్ చేతికి వెళ్లిన టూచెకౌట్ ఈ పని చేసేవే. చట్టం దృష్టిలో అమ్మకందారు అవే, బిల్లు ఇచ్చేదీ అవే. అందుకే ఒక పీడీఎఫ్ ఎడిటర్ కొన్న మనిషి స్టేట్‌మెంట్‌లో ఆ ఎడిటర్ పేరుకు బదులు ‘ప్యాడిల్ డాట్ నెట్’ అనీ, పక్కనే లండన్ అనీ పడుతుంది. తార్నాక దాటి పోని మనిషి ఖాతాలో లండన్ కనిపిస్తే గుండె గుభేలుమనదా? ఆ ఊరు అమ్మినవారిది, కొన్నవారిది కాదు. యాప్ స్టోర్ ద్వారా తీసుకున్నవాటికి గూగుల్, ఆపిల్ పేర్లే పడతాయి. డబ్బు ఏ యాప్‌కు పోయిందో తెలియాలంటే ఆ స్టోర్‌లోని ఆర్డర్ల జాబితానే చూడాలి.

యూపీఐ వరుస ఇంకో రకం. ‘యూపీఐ’, ‘డీఆర్’ అనే మాటలు, తర్వాత 12 అంకెల సంఖ్య, సగం తెగిన పేరు, నాలుగు అక్షరాల బ్యాంకు గుర్తు, ఆ తర్వాత యూపీఐ ఐడీ. డీఆర్ అంటే ఖాతాలోంచి పోయిన డబ్బు. నాలుగు అక్షరాలు వ్యాపారి డబ్బు అందుకున్న బ్యాంకువి. తనకు ఖాతాయే లేని బ్యాంకు పేరు అక్కడ కనిపించిందని కంగారు పడనక్కర్లేదు. 12 అంకెల్లో మొదటిది సాధారణంగా సంవత్సరంలోని చివరి అంకె, తర్వాతి మూడూ ఆ ఏడాదిలో ఎన్నో రోజో చెబుతాయి. 5213తో మొదలైతే 2025లో 213వ రోజు, అంటే ఆగస్టు 1. ప్రింటర్‌లో పెట్టి తీసిన పాస్‌బుక్కులో చోటు తక్కువ కాబట్టి పేరు ఇంకా తెగిపోతుంది. మొబైల్ యాప్‌లోగానీ, ఈమెయిల్‌కు తెప్పించుకున్న స్టేట్‌మెంట్‌లోగానీ ఆ వరుస పూర్తిగా కనిపిస్తుంది. గొడవ పడాల్సి వస్తే బ్యాంకు ముందుగా అడిగేదీ ఆ 12 అంకెలనే.

మొత్తం కూడా తికమక పెడుతుంది. వెబ్‌సైట్‌లో 20 డాలర్లని చూసి కొంటారు. విదేశీ కంపెనీ మన దగ్గర వ్యక్తులకు అమ్మే డిజిటల్ సేవలపై 18 శాతం జీఎస్టీ ఉంది కాబట్టి అది 23.60 డాలర్లవుతుంది. డాలరు రూ.85 అనుకుంటే రూ.2,006. బ్యాంకు 3.5 శాతం విదేశీ మారక రుసుము వేసేదైతే మరో రూ.70, ఆ రుసుము మీద మళ్లీ జీఎస్టీ దాదాపు రూ.13. రుసుమూ దాని పన్నూ కొన్ని స్టేట్‌మెంట్లలో వేరే వరుసలుగా పడతాయి. చేసింది ఒక్క కొనుగోలే, కనిపించేవి రెండు మూడు తెలియని ఛార్జీలు. డాలరు రేటు కదిలిన కొద్దీ మొత్తం నెలనెలా మారుతుంది. రూపాయో రెండు రూపాయలో కట్ అయి తిరిగి వచ్చిందంటే మాత్రం చాలాసార్లు అది ఆటోపే, అంటే డబ్బు దానంతటదే కట్ అయ్యే ఏర్పాటు, నమోదు చేసినప్పటి పరీక్ష. అలాంటి నమోదేదీ చేయకుండానే రూపాయి పోతే అనుమానించాల్సిందే. దొంగిలించిన కార్డు పనిచేస్తుందో లేదో చూడటానికి మోసగాళ్లూ చిన్న మొత్తంతోనే మొదలుపెడతారు.

క్యాంపస్‌లో ఇలా ఇచ్చి మరిచిపోయే అనుమతులు పుట్టే చోటు ఎక్కువగా ‘ఫ్రీ ట్రయల్’. స్క్రిబ్డ్‌లో ఒక్క పుస్తకం దింపుకోవడానికి నెల రోజుల ఉచితం, థీసిస్ ఇంగ్లిష్ దిద్దుకోవడానికి వారం రోజుల ఉచితం, ఏదైనా సరే ముందు కార్డో యూపీఐయో జతచేయమంటారు. థీసిస్ సమర్పించే హడావుడిలో ఇది మరీ ఎక్కువ. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రచనతో పోలిక 10 శాతం దాటితే చర్యలు మొదలవుతాయి కాబట్టి, ఆ శాతం ముందే చూసుకోవాలని స్కాలర్లు ఏదో ఒక ప్రైవేటు సైట్‌కు చందా కట్టేస్తారు. విశ్వవిద్యాలయ లైబ్రరీలకు సేవలందించే ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 2019 నుంచి శోధ్‌శుద్ధి కార్యక్రమం కింద విశ్వవిద్యాలయాలకు ఇలాంటి సాఫ్ట్‌వేర్ అందిస్తోంది. చందా కట్టే ముందు లైబ్రరీలో ఒక మాట అడిగితే పోయేదేమీ లేదు. 2025లో ఉచితాల జోరు ఇంకా పెరిగింది. ఆ ఏడాది జులైలో గూగుల్ మన విద్యార్థులకు ఏఐ ప్రో ప్లాన్ ఏడాది ఉచితమని ప్రకటించింది, నవంబరులో ఓపెన్‌ఏఐ తన చాట్‌జీపీటీ గో ప్లాన్‌ను ఏడాది ఉచితంగా ఇచ్చింది. వీటికీ చెల్లింపు మార్గం ముందే జతచేయాల్సి వచ్చింది. అప్పటి అసలు ధర చాట్‌జీపీటీ గోకు నెలకు రూ.399, గూగుల్ ప్లాన్‌కు రూ.1,950. ఏడాది తర్వాత ఆ తేదీ ఎవరికి గుర్తుంటుంది? జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు రూ.37,000 అయినా, కొన్ని నెలలది కలిపి ఒకేసారి పడినప్పుడు అందులోంచి పోయే రూ.399 కంటికి ఆనదు.

చెప్పాపెట్టకుండా డబ్బు లాక్కోకూడదనే రిజర్వు బ్యాంకు ఈ-మాండేట్ (ఆన్‌లైన్‌లో ముందే ఇచ్చే వసూలు అనుమతి) నిబంధనలు తెచ్చింది. 2019 ఆగస్టులో మొదటి ఆదేశాలు వచ్చినా, పూర్తిగా అమలైంది 2021 అక్టోబరు 1 నుంచి. అనుమతి ఇచ్చేటప్పుడు ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ ఉండాలి. డబ్బు తీయడానికి కనీసం 24 గంటల ముందు వ్యాపారి పేరు, మొత్తం, తేదీ చెబుతూ సందేశం రావాలి. వద్దనుకుంటే ఆపుకునే వీలుండాలి. ఓటీపీ లేకుండా తీసే పరిమితిని 2022 జూన్‌లో రూ.5,000 నుంచి రూ.15,000కు పెంచారు. ఈ నిబంధనలతో అప్పట్లో చాలా చందాలు ఆగిపోయాయి. 2022లో ఆపిల్ ఇక్కడ చందాలకు కార్డులు తీసుకోవడమే మానేసింది.

మరి సందేశం వస్తుంటే ఛార్జీ తెలియకుండా ఎలా పోతుంది? ఆ సందేశం ఖాతాకు ముడిపడి ఉన్న నంబరుకు వస్తుంది. జిల్లాల నుంచి వచ్చి ఓయూ హాస్టల్లో ఉండే విద్యార్థి ఖాతా ఇంటర్‌లో స్కాలర్‌షిప్ కోసం తెరిచింది కావచ్చు, అందులో ఉన్నది నాన్న నంబరు కావచ్చు. ఇంగ్లిష్‌లో వచ్చిన ఆ మెసేజ్ ఊళ్లో, పొలం గట్టు మీద, నాన్న జేబులో ఉన్న ఫోన్లో మోగుతుంది. నంబరు మార్పించుకోవడానికి శాఖకు ఒకసారి వెళ్లిరావడం, ఇక్కడ చెప్పే జాగ్రత్తలన్నింటికంటే ఎక్కువ పనికొస్తుంది.

యూపీఐ ఆటోపేను, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ 2020 జులైలో తెచ్చింది. ఇందులో చాలామంది చదవనిది ‘గరిష్ఠ మొత్తం’ అనే వరుస. ప్లాన్ రూ.199 అయినా అనుమతి రూ.5,000 వరకు అని ఉండవచ్చు. అప్పుడు ధర పెరిగినా మళ్లీ పిన్ అడగరు. 2025 ఆగస్టు 1 నుంచి ఆటోపే వసూళ్లను రద్దీ లేని వేళల్లోనే, అంటే ఉదయం 10 లోపు, మధ్యాహ్నం 1 నుంచి 5 మధ్య, రాత్రి 9.30 తర్వాత చేయాలన్నారు. అర్ధరాత్రి డబ్బు పోయిందంటే దొంగతనమే అనుకోనక్కర్లేదు.

ఇక ఆపడం. ఫోన్లోంచి యాప్ తీసేస్తే చందా పోదు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. స్టోర్ ద్వారా తీసుకున్నదైతే స్టోర్‌లోని సబ్‌స్క్రిప్షన్ల పేజీలో, సైట్‌లో నేరుగా తీసుకున్నదైతే ఆ సైట్‌లోని ఖాతాలో రద్దు చేయాలి. ఆ తర్వాత యూపీఐ యాప్‌లోని ఆటోపే విభాగంలోనో, కార్డు ఇచ్చిన బ్యాంకు దగ్గరో మాండేట్ తొలగించాలి. మాండేట్ ఒక్కటే తీసేస్తే డబ్బు పోవడం ఆగుతుందిగానీ ఒప్పందం ఆగదు. ఏడాది ప్లాన్‌ను నెలనెలా కట్టే పద్ధతిలో అడోబీ లాంటి సంస్థలు మధ్యలో మానేస్తే రుసుము అడుగుతాయి. ఆ రుసుమును కొనేవారికి కనబడకుండా దాచిందని అమెరికా ప్రభుత్వం 2024 జూన్‌లో అడోబీ మీద కేసే వేసింది. మన దేశంలో 2023 నవంబరు 30న వెలువడిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 మాయలను నిషేధించాయి. తేలిగ్గా చేర్చుకుని రద్దు దగ్గర తిప్పలు పెట్టడం వాటిలో ఒకటి, సాఫ్ట్‌వేర్ చందాను చాటుగా వసూలు చేస్తూ పోవడం మరొకటి. ఇలాంటివాటికి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

వెతికినా చందా ఏదీ దొరకలేదు, ఇంట్లో పిల్లలూ వాడలేదు, స్నేహితులకు కార్డు ఇవ్వలేదు అంటే అప్పుడది మోసం. ఇక ఆలస్యం చేయకూడదు. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఖాతాదారు తప్పుగానీ బ్యాంకు తప్పుగానీ లేని అనధికార లావాదేవీని మూడు పనిదినాల్లో తెలిపితే నష్టం ఖాతాదారు మీద పడదు. నాలుగు నుంచి ఏడు పనిదినాలైతే సాధారణ పొదుపు ఖాతాకు రూ.10,000 వరకు భరించాల్సి రావచ్చు. ఓటీపీ, పిన్ తానే చెప్పి ఉంటే బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టమంతా ఖాతాదారుదే. బ్యాంకుతోపాటు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కూడా ఫోన్ చేయాలి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు.

దీనికి తిరగేసిన మోసం ఒకటుంది. యాంటీవైరస్ చందా రెన్యువల్ అయింది, ఇన్ని వేలు కట్ అయ్యాయి, వద్దనుకుంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి అంటూ ఈమెయిల్ వస్తుంది. స్టేట్‌మెంట్‌లో చూస్తే అలాంటి వరుసే ఉండదు. ఫోన్ చేస్తే రీఫండ్ ఇస్తామంటూ స్క్రీన్ చూపించే యాప్ వేయిస్తారు, ఖాతా ఖాళీ చేస్తారు. కస్టమర్ కేర్ నంబరు గూగుల్‌లో వెతికినవారికీ ఇదే గతి పడుతోంది. బ్యాంకు నంబరు కార్డు వెనకాల ముద్రించి ఉంటుంది, పాస్‌బుక్కు మీదా ఉంటుంది.