బరువు లాగిన దారిలో సైకిల్

సెలవుల్లో వందల కిలోమీటర్లు సైకిల్ మీద తిరిగి రావాలనుకునేవారు దారిని సాధారణంగా ఫొటోలు చూసి ఎంచుకుంటారు. మంచుకొండలు, సరస్సులు, మెలికలు తిరిగే ఘాట్ రోడ్లు ఆ ఎంపికలో ముందుంటాయి. కారులో వెళ్లేవారికి ఈ పద్ధతి సరిపోతుంది గానీ సైకిల్ తొక్కేవారిని తరచు ముంచుతుంది. ఎందుకంటే కారులో ఎత్తెక్కే పని ఇంజనుది, సైకిల్ మీద అది మనిషి ఊపిరిది. ఏడు శాతం ఎక్కుడులో రొప్పుతూ తొక్కే మనిషికి పక్కన ఎంతటి లోయ ఉన్నా కనిపించేది ముందు చక్రం కింద కదిలే తారు మాత్రమే. అందువల్ల దారి అందమైనదా కాదా అని అడగడానికి ముందు, ఆ దారిని అసలు ఎవరు, దేనికోసం వేశారని అడగడం మేలు. బరువులు లాగడానికి వేసిన దారులే, అంటే పడవ కాలువల గట్లు, మూతపడ్డ రైలు మార్గాలే, దూరప్రయాణపు సైకిల్‌కు చాలాచోట్ల అన్నిటికన్నా అనువైనవిగా తేలాయి.

ఇందులోని లెక్క తేలికైనదే. ఒక శాతం ఎక్కుడు అంటే వంద మీటర్లు ముందుకు పోయేసరికి ఒక మీటరు పైకి చేరడం. మనిషి, సైకిల్, సామాను కలిపి 90 కిలోలు తూగుతాయనుకుంటే, గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఒక శాతం ఎక్కుడులో ఆ బరువును పైకి చేర్చడానికి సుమారు 25 వాట్లు చాలు. అదే వేగంతో ఐదు శాతం ఎక్కుడులో 120 వాట్లకు పైగా కావాలి, నేల రాపిడికీ గాలికీ అయ్యే ఖర్చు దీనికి అదనం. పూటంతా నిలకడగా తొక్కే మామూలు మనిషి కాళ్లు ఇవ్వగలిగేది దాదాపు 100 వాట్లే గనుక, మొదటి దారిలో ఆయన చెట్టూ పుట్టా చూసుకుంటూ పోతాడు, రెండో దారిలో వేగం నడకకు పడిపోతుంది. ఆవిరి ఇంజను ఉక్కు పట్టాల మీద చక్రాలు జారకుండా బరువు లాగాలంటే వాలు ఒకటి రెండు శాతం దాటడం కష్టం. కాలువలో పడవ నడవాలంటే నీరు దాదాపు నిలకడగా ఉండాలి. ఆ కాలపు ఇంజనీర్లకు సైకిల్ గురించిన తలంపే లేదు, అయినా వారు మిట్టలు నరికి, కొండలు తొలిచి, లోయల మీద వంతెనలు కట్టి సాధించిన చదును చివరికి సైకిల్‌కు దక్కింది.

ఈ రెండు రకాల దారులూ ఒకదానికొకటి అతుక్కున్న చోటు అమెరికా తూర్పు భాగంలో ఉంది. పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ నుంచి మేరీలాండ్‌లోని కంబర్లాండ్ వరకు పాత రైలు మార్గాల మీద వేసిన గ్రేట్ అలెగెనీ ప్యాసేజ్ 240 కిలోమీటర్లు. అక్కడి నుంచి వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ వరకు పొటోమాక్ నదిని అంటిపెట్టుకుని సాగే చెసపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు మరో 297 కిలోమీటర్లు. ఈ పొడవునా దాదాపు అంతటా మోటారు బండ్ల బెడద లేదు. వేంకటేశ్వరాలయం మూలంగా పిట్స్‌బర్గ్ పేరు తెలుగువారికి 1970ల నుంచీ పరిచితమే. వాషింగ్టన్ శివార్లలోని వర్జీనియా, మేరీలాండ్ పట్టణాల్లోనూ తెలుగు కుటుంబాలకు కొదవలేదు. ఆ రెండు నగరాల మధ్య కారులో గుడికి వెళ్లివచ్చేవారిలో ఎక్కువమందికి, తమ దారికి కాస్త పక్కగా వారం రోజుల ప్రయాణం ఒకటి ఉందన్న సంగతి తెలిసి ఉండకపోవచ్చు.

కాలువ తవ్వకం 1828 జూలై 4న మొదలైంది. సరిగ్గా ఆ రోజే బాల్టిమోర్ అండ్ ఒహాయో రైలు మార్గానికి శంకుస్థాపన జరిగింది. రైలు 1842లో కంబర్లాండ్ చేరగా, కాలువ 1850లో గానీ చేరలేదు. అంటే పూర్తయ్యే నాటికే అది ఓడిపోయిన పందెం. అయినా 1924 వరదలు దెబ్బతీసేదాకా బొగ్గు పడవలు తిరుగుతూనే ఉన్నాయి. ఆ పడవలను తాళ్లతో లాగే కంచరగాడిదలు నడవడానికి కాలువ పక్కనే వేసిన బాటను టోపాత్ అనేవారు. నేటి సైకిల్ దారి అదే. కంబర్లాండ్‌కూ వాషింగ్టన్‌కూ ఎత్తులో ఉన్న దాదాపు 184 మీటర్ల తేడాను 74 లాకులు పంచుకున్నాయి. గోదావరి, కృష్ణా డెల్టాల వారికి వివరించనక్కరలేని ఈ లాకు, రెండు తలుపుల మధ్య నీటిని నింపిగానీ వదిలిగానీ పడవను ఒక మట్టం నుంచి మరో మట్టానికి చేర్చే రాతి తొట్టి. లాకు దగ్గర గట్టు కాస్త దిగుతుంది, ఆపైన మళ్లీ కిలోమీటర్ల కొద్దీ చదునే.

ఈ దారిలో తప్పక దిగి నడవవలసిన చోటు పా పా సొరంగం. నది వంకర్లను తప్పించడానికి కొండను తొలిచి కట్టిన ఈ సొరంగం పొడవు సుమారు 950 మీటర్లు. లోపల దీపాలు లేవు, ఒక పక్క నల్లటి నీరు, మరో పక్క ఇటుక గోడ, మధ్యలో మనిషీ సైకిలూ పట్టేంత గతుకుల బాట. నీటివైపున్న కొయ్య కమ్మీ మీద చెయ్యి వేస్తే, పడవ తాళ్లు ఏళ్ల తరబడి రాచుకుని చేసిన గాళ్లు వేళ్లకు తగులుతాయి. ఇంతటి దారి కార్ల పాలు కావలసింది. 1954లో గట్టు మీద రహదారి వేయాలన్న ఆలోచనను వాషింగ్టన్ పోస్ట్ పత్రిక సమర్థించినప్పుడు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ పత్రిక సంపాదకులను తనతోపాటు మొత్తం గట్టు నడిచి, ఆ తర్వాత రాయమని సవాలు చేశారు. ఆ నడక తర్వాత పత్రిక తన మాట సడలించుకుంది. 1971లో గట్టంతా జాతీయ చారిత్రక ఉద్యానమైంది.

దారి ఒకటే అయినా దాన్ని ఏ కొస నుంచి మొదలుపెట్టాలన్నది వేరే నిర్ణయం, దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. పిట్స్‌బర్గ్ నుంచి బయలుదేరితే 729 మీటర్ల ఎత్తున్న తూర్పు జలవిభజన రేఖ వరకు, అంటే అట్లాంటిక్ వైపు పారే నీళ్లూ మెక్సికో సింధుశాఖ వైపు పారే నీళ్లూ విడిపోయే మిట్ట వరకు, సుమారు 200 కిలోమీటర్ల పొడవునా ఒక శాతం లోపు ఎక్కుడు పరచుకుని ఉంటుంది. అది కాళ్లకు తెలియనే తెలియదు. అవతల కంబర్లాండ్ దాకా 38 కిలోమీటర్లు పల్లమే. వాషింగ్టన్ నుంచి వచ్చేవారు ఈ పల్లాన్నే ఎక్కుడుగా, దాదాపు ఒకటిన్నర శాతం వాలులో, ఒక్క బిగిన తొక్కవలసి వస్తుంది. కాబట్టి కొత్తవారికి పిట్స్‌బర్గ్ కొసే నయం. మిట్టకు దగ్గర్లోని బిగ్ శావేజ్ సొరంగానికి చలికాలంలో మంచు దెబ్బ తగలకుండా తలుపులు మూసేస్తారు గనుక వసంతం చివర గానీ, ఆకులు రంగులు మారే అక్టోబరులో గానీ వెళ్లడం మంచిది. రైలు దారిలో నలగగొట్టిన సున్నపురాయి గట్టిగా ఉంటుంది, కాలువ గట్టు మాత్రం మట్టిబాట. వాన కురిసిన మర్నాడు సన్న టైర్లు బురదలో కూరుకుపోతాయి, 35 మిల్లీమీటర్లకు తగ్గని టైర్లు వేసుకోవాలి. గట్టు వెంట కొద్ది దూరానికొకటిగా ఉచిత విడిది స్థలాలు, వాటి దగ్గర చేతిపంపులు ఉన్నాయి.

ఐరోపాలో ఇదే సూత్రానికి డాన్యూబ్ నది నిదర్శనం. జర్మనీలోని పసావు నుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా వరకు, ఒకప్పుడు గుర్రాలు పడవలను ఎదురు ప్రవాహంలో లాగిన ఒడ్డు వెంబడి, 300 కిలోమీటర్లకు పైగా సైకిల్ దారి ఉంది. మెల్క్, క్రెమ్స్ పట్టణాల మధ్య ద్రాక్షతోటల మెట్లతో నిండిన వహావు లోయ 2000 నుంచి ప్రపంచ వారసత్వ స్థలం. అక్కడ దిక్కును నిర్ణయించేది వాలు కన్నా గాలి. గాలి నిరోధం వేగంతోపాటు కాక వేగపు వర్గంతోపాటు పెరుగుతుంది. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో తొక్కేవారికి అంతే వేగపు గాలి ఎదురైతే నిరోధం నాలుగింతలవుతుంది. ఆ ప్రాంతంలో ఎక్కువగా వీచేది పడమటి గాలి కాబట్టి జనం నదితోపాటే తూర్పుకు పోతారు. ఇక మన దేశానికి వస్తే, హిమాలయాల్లో 5,000 మీటర్లు దాటిన కనుమల మీదుగా సాగే మనాలి–లేహ్ దారి సైనికావసరాలు కూడా తీర్చే ట్రక్కుల రోడ్డు. అది సాహసమే గానీ సెలవు కాదు, దాన్ని తొలి దూరప్రయాణానికి ఎంచుకోవడం అవివేకం.

తెలుగునాట ఈ సూత్రానికి సరిపడే నేల గోదావరి డెల్టా. ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక తవ్విన కాలువలు సాగునీటితోపాటు పడవల రాకపోకలకూ ఉద్దేశించినవి. గాలి లేనప్పుడు మనుషులే గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. ఆ గట్లు ఇప్పుడు చాలాచోట్ల తారు రోడ్లు. రాజమహేంద్రవరంలో రైలు దిగి, ధవళేశ్వరం బ్యారేజీ దాటి బొబ్బర్లంక మీదుగా పూతరేకుల ఆత్రేయపురం, అటుపైన కాలువ చీలే లొల్ల లాకులు, రావులపాలెం, కాలువనే వైనతేయ పాయ మీదుగా దాటించే పి.గన్నవరం అక్విడక్టు, రాజోలు, సముద్రపు ఒడ్డున అంతర్వేది, ఇలా దాదాపు వంద కిలోమీటర్ల దారిలో చెప్పుకోదగ్గ మిట్టే లేదు. రెండు మూడు రోజులు తాపీగా తొక్కవచ్చు. ఇది సైకిళ్లకు ప్రత్యేకించిన బాట కాదని మరచిపోకూడదు. కొబ్బరి లారీలు, ఆటోలు, సరుగుడు కర్రల ట్రాక్టర్లు తిరుగుతుంటాయి గనుక తెల్లవారుజామున బయలుదేరి, ఎండెక్కేసరికి ఏదో ఒక ఊరు చేరాలి, చీకటి పడ్డాక తొక్కరాదు. డిసెంబరు, జనవరి నెలల్లో ఈశాన్యపు గాలి వెనకనుంచి కాస్త సాయం చేస్తుంది. కనుమనాడు ప్రభల తీర్థాలకూ, మాఘమాసంలో అంతర్వేది కల్యాణానికీ రోడ్లు కిక్కిరిసిపోతాయి, ఆ సంబరం చూడాలనుకునేవారు సైకిల్‌ను బసలో వదిలి వెళ్లడమే మంచిది.

అంతర్వేది నుంచి వెనక్కి రావలసిన పని లేదు. సఖినేటిపల్లి రేవులో పంటు మీద సైకిల్‌తో సహా గోదావరి వశిష్ఠ పాయను దాటితే అవతలి ఒడ్డు నరసాపురం, అక్కడ రైల్వే స్టేషను ఉంది. రైల్లో సైకిల్‌ను పార్సిల్ ఆఫీసులో బుక్ చేసి లగేజీ పెట్టెలో పంపాలి. దారి మధ్యలోని చిన్న స్టేషన్లలో బండి ఒకటి రెండు నిమిషాలే ఆగడం వల్ల ఎక్కించడం తలనొప్పి అవుతుంది, నరసాపురంలో మాత్రం రైళ్లు అక్కడే బయలుదేరతాయి కాబట్టి తొందర ఉండదు.