పడవ కడిగే పంపు: ఎంపిక, సంరక్షణ

2018లో ప్రారంభమైన మాధవరం బస్సు స్టేషను, ఆంధ్ర వైపు నుండి వచ్చే బస్సులకు చెన్నై ముఖద్వారం. పులికాట్ తీర గ్రామస్థులు పడవ సామగ్రికై నగరానికి వచ్చే దారి కూడా ఇదే. అలా కొనదగిన వస్తువుల్లో పడవ కడిగే పంపు ఒకటి. వలతో వచ్చిన బురద, పొలుసులు పడవలో నిలిస్తే మరునాటి చేప త్వరగా చెడుతుంది.

చిన్న మోటారు పడవకు నిమిషానికి 12 నుండి 19 లీటర్ల నీరిచ్చే 12 వోల్టుల డయాఫ్రం పంపు చాలును. ఒత్తిడి స్విచ్చి ఉన్నచో కుళాయి కట్టగానే పంపు ఆగి, బ్యాటరీ ఆదా అవుతుంది. పులికాట్‌లో లోతు తక్కువ, బురద ఎక్కువ. కనుక పంపుకు ముందు జల్లెడ తప్పనిసరి. పంపుపై సూచించిన ఫ్యూజునే వాడాలి.

ఉప్పునీరే దీనికి ప్రధాన శత్రువు. ఒడ్డు చేరిన ప్రతిసారీ బకెట్టు మంచినీటిని పంపు గుండా పోనిచ్చి, జల్లెడను శుభ్రపరచాలి. కుళాయి మూసి ఉన్నా పంపు తానై తిరుగుతుంటే గొట్టాల్లోనో, వాల్వులోనో నీరు కారుతున్నదని గ్రహించాలి.

అన్నింటికన్నా ముఖ్యం ప్రాణరక్షణ. పడవ అడుగున రంధ్రం చేసి నీరు తీసుకొనే ఏర్పాటు ఉన్నచో, గొట్టం ఊడితే నీరు నేరుగా లోపలికి వస్తుంది. అందుకే గొట్టానికి రెండు క్లాంపులు బిగించి, పని ముగియగానే అడుగు వాల్వు మూయాలి. పడవలో చేరిన నీటిని తోడే పంపు వేరు. దాని స్థానాన్ని కడిగే పంపు భర్తీ చేయజాలదు.