8 సెకన్లు

1989 టూర్ డి ఫ్రాన్స్, చివరి రోజు. అమెరికన్ గ్రెగ్ లెమాండ్ 50 సెకన్లు వెనకున్నాడు. మిగిలింది వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కిలోమీటర్లు, ఎవరికి వాళ్లు ఒంటరిగా తొక్కాలి. ఫ్రెంచ్ వీరుడు లోరాన్ ఫిన్యో గెలిచేసినట్టే అనుకున్నారు.

మన ఫిజిక్స్ పనికొచ్చేది ఇక్కడే (ఒక్కసారైనా!). వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగింతలు. లెమాండ్ ట్రయాథ్లాన్ హ్యాండిల్ బిగించి, చేతులు ముందుకు చాపి, ఒళ్లు వంచి తొక్కాడు. ఫిన్యోకి ఆ హ్యాండిల్ లేదు, హెల్మెట్టూ లేదు, పిలక ఎగురుతోంది. పాపం, సీటు రాపిడికి పుండ్లు కూడా. కాబట్టి క్రెడిట్ అంతా హ్యాండిల్‌కే ఇవ్వలేం.

లెమాండ్ 58 సెకన్లు ముందొచ్చి, మొత్తం మీద 8 సెకన్లతో గెలిచాడు.

నన్ను ఆపేసింది వేరే విషయం. 1986లో టూర్ గెలిచిన తొలి అమెరికన్ ఇతనే. మరుసటేడు వేటలో పొరపాటున తుపాకీ పేలి చావు దాకా వెళ్లాడు. 1989లో తొక్కింది ఒంట్లో ఇంకా గుళ్లు ఉన్న మనిషి! 1990లో మళ్లీ గెలిచాడు.